కబూతర్‌ఖానాకి సకుటుంబ సపరివారంగా

కొత్తగా ఉద్యోగంలో చేరి, మొదటి పెద్ద పొరపాటు చేసి, రేపు ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అని దిగులుపడుతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఇది వాళ్లకోసం రాస్తున్నాను. మిగతావాళ్లు చదివినా నాకేమీ అభ్యంతరం లేదు. నా మొత్తం సర్వీసులో నేను చేసిన అతి పెద్ద తప్పు ఒక ఉత్తరంలో నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకి నా ఉద్యోగం పోవాలి. ఎందుకు పోలేదో చెబుతాను.

తొంభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో కెమిస్టుగా ఉండేదాన్ని. కార్ఖానా పేరు చెప్పను, ఊరంతా కార్ఖానాలే కాబట్టి మీరు కనిపెట్టనూ లేరు. ఉండేది కద్మాలో, కంపెనీ క్వార్టర్లో. నన్ను వేసింది పర్యావరణ విభాగంలో. విభాగమంటే ఏ పాటిదో అనుకునేరు. బాయిలర్ హౌస్ వెనక ఒక గది, అందులో మూడు కుర్చీలు, ఒకదానికి చెయ్యి లేదు. మా పెద్ద ఒక బెంగాలీ సారు, తర్వాత నేను, నా తర్వాత బాబాయ్. క్యాంటీన్ టీ బండి అన్ని విభాగాలకీ వెళ్లి మా గది ముందు నుంచి మాత్రం ఆగకుండా పోయేది.

బాబాయ్ నాకు చుట్టం కాదు. ఇచ్ఛాపురం వైపు మనిషి. వాళ్ల నాన్న రోజుల నుంచీ ఊరి శివార్లో పర్సుడీహ్‌లోనే ఉంటున్నారు. ఆయన పని గది వెనక ఖాళీ జాగాలో ఉన్న తెల్ల పెట్టెని చూసుకోవడం. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన చెక్క పెట్టె అది. ఎండ పడకుండా, గాలి మాత్రం ఆడేలా నాలుగు పక్కలా వాలుచెక్కలు కొట్టి ఉంటాయి. లోపల థర్మామీటర్లు. పక్కన వాన కొలిచే డబ్బా, స్తంభం మీద గాలికి గిర్రున తిరిగే మూడు గిన్నెలు. కార్ఖానాలో అందరూ దాన్ని కబూతర్‌ఖానా అనేవారు, పావురాల గూడన్నమాట. మమ్మల్ని ఏమనేవారో మీరే ఊహించుకోండి.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బాబాయ్ పెట్టె తలుపు తీసి, అంకెలు చూసి, పొడుగాటి నోటుపుస్తకంలో రాసేవారు. ఆదివారం లేదు, దుర్గాపూజ లేదు. కూతురి పెళ్లినాడు పసుపు బట్టలతోనే సైకిలెక్కి వచ్చి, అంకెలు రాసుకుని, మళ్లీ పీటల దగ్గరికి పోయిన మనిషి. పాతికేళ్లుగా ఒక్క పూట కూడా ఖాళీ గడి లేదు. అంకెల తర్వాత చివరి గడిలో ఆయన తెలుగులో ఏదో రాసేవారు. బెంగాలీ సారు అదేదో సాంకేతిక విషయమనుకుని ప్రతి పేజీ కింద సంతకం పెట్టేవారు. నేను చేరిన వారానికి చదివి చూస్తే అక్కడున్నది దల్మా కొండ సంగతి. మా పెట్టె దగ్గర నిలబడితే ఉత్తరాన ఆ కొండ కనిపించాలి. "దల్మా కనబడింది", "దల్మా కనబడనేదు", "సగం కనబడింది". పాతికేళ్ల కొండ.

"ఇదెందుకు రాస్తారు బాబాయ్? ఎవరూ అడగలేదుగా!" అన్నాను.

"అడగనేదనే రాత్తన్నానమ్మా," అన్నారు. "అడిగినవన్నీ ముందు గళ్లల్లో రాసీసినాను కదా."

అప్పట్లో మా కార్మికులు సైకిళ్లు వదిలి స్కూటర్లు కొనడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ స్కూటర్ స్టాండ్ చాలలేదు. ఒక ఉదయం వర్క్స్ మేనేజరు స్వయంగా టేపు పట్టించుకుని వచ్చి మా ఖాళీ జాగా కొలిచి వెళ్లారు. రెండో రోజు కాగితం వచ్చింది. నెలాఖరుకి కబూతర్‌ఖానా తీసెయ్యాలి, బాబాయ్ పోస్టు రద్దు, ఆయన్ని గోదాముకి మారుస్తున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం ఎలాంటిదో మా ఇంట్లోవాళ్లని అడగాలి. కాగితం పట్టుకుని గదంతా తిరిగాను, అంటే నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ.

బాబాయ్ మాత్రం కూచుని పెన్సిలు చెక్కుతున్నారు. "గోదామైతే నాకేటమ్మా, అక్కడా కూకోడమే. పెట్టె తీసేత్తేనే బాధ. లెక్క తెగిపోద్ది. ఒకపాలి తెగిపోనాక మళ్లీ అతకదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు నేను చూడకూడదనుకున్నారేమో, నేను చూశాను.

ఇక్కడ ఆ రోజుల సంగతి మీకు కొంచెం చెప్పాలి. మీరు పుట్టేసరికే భూమి వేడెక్కడం పెద్ద వార్త. అప్పుడు కాదు. ఎక్కడో సముద్రాల అవతల దేశాల పెద్దలంతా కూచుని దాని గురించి మాట్లాడుకుంటే, మా ఊళ్లో పేపరు ఆ వార్తని సినిమా ప్రకటన కింద నాలుగు లైన్లు వేసింది. మన నాయకులకి పర్యావరణమంటే జూన్‌లో ఒక మొక్క, ఒక ఫోటో, రెండు సమోసాలు. "ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి సార్" అని నేను ఒక మీటింగులో అంటే, "జంషెడ్‌పూర్‌లో ఎండ కాక మంచు పడుతుందా" అని అందరూ హాయిగా నవ్వారు. అయినా నాకు ఒక ఆశ. నాయకుడెవరైనా ఒక్క మాట అంటే చాలు, మేనేజరు ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యడు. మా ప్రాంతపు శాసనసభ్యుడికి ఉత్తరం రాద్దామనుకున్నాను. అక్కడ అందరూ ఆయన్ని విధాయక్‌జీ అనేవారు.

బెంగాలీ సారు ఉంటే ఆ ఉత్తరం ఒకసారి చూసి ఉండేవారు. ఆయనేమో కడుపు బాగోలేక ఘాట్‌శిలకి గాలి మార్పుకి వెళ్లారు. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, అప్పుడు నాకు తట్టలేదు.

నా హిందీ గురించి కూడా ఒప్పుకోవాలి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వరసగా హిందీ పరీక్షలు రాసి సర్టిఫికెట్లు తెచ్చుకున్న హిందీ అది. దాంతో బెండకాయలు బేరం చెయ్యడం కుదరదు గాని వ్యాకరణం మాత్రం ఎక్కడా తప్పదు. నిఘంటువు ఒళ్లో పెట్టుకుని వాతావరణ మార్పుకి మాట వెతికాను. "జలవాయు పరివర్తన్" అని దొరికింది. ఎంత బాగుంది మాట! మా కార్ఖానాలో చాలా ఏళ్లుగా జలవాయు పరివర్తన్‌కి చక్కటి వ్యవస్థ ఉంది, దాన్ని ఇప్పుడు తీసెయ్యబోతున్నారు, తమరు స్వయంగా విచ్చేసి అనుభవించి చూస్తే ఆ వ్యవస్థ నిలబడుతుంది, అని రాశాను. చివర ఏదో వెలితిగా అనిపించింది. మన శుభలేఖల్లో సకుటుంబ సపరివార సమేతంగా అని వేస్తాం కదా, మర్యాదకి. అలాగే "సపరివార్ పధారేఁ" అని చేర్చి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది. విధాయక్‌జీ సోమవారం పొద్దున వస్తున్నారు. కార్ఖానాలో హడావుడి ఇంతా అంతా కాదు. దారికి సున్నం గీతలు పడ్డాయి, గోల్‌మురి నుంచి మిఠాయిలు వచ్చాయి, మా గది ముందు టీ బండి మొదటిసారి ఆగింది. మేనేజరు నన్ను పిలిచి, "ఆయన మీకెలా తెలుసు?" అని మర్యాదగా అడిగారు. నేను చిన్నగా నవ్వి ఊరుకున్నాను. అంతగా మళ్లీ ఎప్పుడూ గర్వపడలేదు.

సోమవారం ఒక జీపు, వెనక ఒక అంబాసిడర్ కారు వచ్చి ఆగాయి. జీపులోంచి విధాయక్‌జీ దిగారు. కారులోంచి ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, చేతిలో విసనకర్రతో ఒక పెద్దావిడ దిగారు. ఆవిడ విధాయక్‌జీకి అత్తగారు, ఉబ్బసం మనిషి. తర్వాత డ్రైవరు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు. మట్టి కూజా. ఆరు గిన్నెల టిఫిన్ క్యారియరు. ఆఖరికి మంచమంత పొడుగు పరుపుచుట్ట. దాన్ని వాళ్లు హోల్డాల్ అంటారు. మేనేజరు చేతిలో దండ అలాగే ఉండిపోయింది.

"చిట్ఠీ ఆప్‌నే లిఖీ థీ, బహన్‌జీ?" అని విధాయక్‌జీ నన్ను సంతోషంగా పలకరించారు. ఉత్తరం నాదేనన్నాను. "బహుత్ అచ్ఛా. తో వ్యవస్థా కహాఁ హై?"

ఏర్పాటు ఎక్కడా అని అడుగుతున్నారు. చూపిస్తాను రండని ముందు నడిచాను. నా వెనక విధాయక్‌జీ, మేనేజరు, అత్తగారు, పిల్లలు, హోల్డాల్ నెత్తిన పెట్టుకుని డ్రైవరు. ముందు రోజు వాన పడి ఆకాశం కడిగినట్టుంది గాని, గాలి బొత్తిగా లేదు. ఆకు కదలడం లేదు, స్తంభం మీద మూడు గిన్నెలూ బిగుసుకుని నిలబడ్డాయి. "యహ్ రహా!" అని పెట్టె వైపు చెయ్యి చూపించాను.

అత్తగారు మెల్లగా పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వంగి వాలుచెక్కల సందులోంచి లోపలికి తొంగి చూశారు. తర్వాత నా వైపు తిరిగి చాలా నిజాయితీగా అడిగారు. "బేటీ, ఇస్ మేఁ హమ్ సబ్ సోయేంగే?"

ఇందులో మేమందరం పడుకోవాలా అని. అప్పుడు తెలిసింది నేను రాసిందేమిటో. నా నిఘంటువులో ఒక అర్థం ఉంటే, అక్కడి పెద్దవాళ్ల నోట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. ఒంట్లో బాగోనివాళ్లు ఊరు మారి నాలుగు రోజులు మంచి గాలీ నీళ్లూ పుచ్చుకోవడం వాళ్లకి జలవాయు పరివర్తన్. మా బెంగాలీ సారు ఘాట్‌శిల వెళ్లింది కూడా దానికే. కంపెనీకి గాలి మార్పు కోసం ఒక చక్కటి విడిది ఉంది, సకుటుంబంగా వచ్చి అనుభవించండి అని నేను స్వదస్తూరీతో పిలిచానన్నమాట. మరి పెట్టే బేడా సర్దుకుని రారూ!

విధాయక్‌జీ మొహం ఎర్రబడుతోంది. మేనేజరు నన్ను చూసిన చూపులో నా మెమో మొత్తం టైపు చేసి ఉంది. బాబాయ్ పోస్టుతోపాటు నా పోస్టూ పోయిందని లెక్కేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే బాబాయ్ గదిలోంచి నోటుపుస్తకం పట్టుకుని వచ్చారు. "జర సైడ్, సాబ్. టైం హో గయా," అని శాసనసభ్యుణ్ణి పక్కకి జరిపి, పెట్టె తలుపు తీసి, అంకెలు చూసి రాసుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వం కూలినా ఆయన పొద్దుటి లెక్క ఆగదు. అత్తగారు ఆయాసపడుతూ ఆయన స్టూలు మీదే కూలబడ్డారు.

"క్యా లిఖ్‌తే హో, భైయా?" ఏం రాస్తున్నావని అడిగారావిడ.

"హవా కా నాడీ దేఖ్‌తా హై, మాఁజీ," అన్నారు బాబాయ్ తన హిందీలో. గాలికి నాడి చూస్తున్నానని.

ఆవిడకి ఆ మాట నచ్చింది. నవ్వి, సరే అయితే చెప్పు, హోలీ అయిన తర్వాత వారం నాకు ఊపిరి ఆడలేదు, అప్పుడు గాలికి ఏమైంది, అన్నారు. బాబాయ్ తడుముకోలేదు. వేలు తడి చేసుకుని పేజీలు వెనక్కి తిప్పి, చివరి గడి పైకి చదివారు. "దల్మా కనబడనేదు. దల్మా కనబడనేదు. దల్మా కనబడనేదు." నేను హిందీలో చెప్పాను. ఆవిడ విసనకర్ర ఆగిపోయింది. చలికాలంలో మనవడి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు హాయిగా నిద్రపోయాను, మరి ఆ రోజు, అన్నారు. మళ్లీ పేజీలు. "కనబడింది." దీపావళి మర్నాడు? "కనబడనేదు."

ఆవిడ ఆ పేజీ మీద, తనకి రాని అక్షరాల మీద, వేలితో మెల్లగా నిమిరారు. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ నన్ను ఏ రోజు అని అడగలేదు, ఈ డబ్బాకి నా రోజులన్నీ తెలుసు, అన్నారు. అని అల్లుడి వైపు తిరిగారు. ఎంత పెద్ద పదవిలో ఉన్న అల్లుడైనా వినితీరాల్సిన గొంతు అది.

"దామాద్‌జీ, యే డబ్బా యహీఁ రహేగా."

అల్లుడుగారూ, ఈ డబ్బా ఇక్కడే ఉంటుందని. విధాయక్‌జీ మేనేజరుని చూసి, దీన్ని తీసేస్తున్నది ఎవరు, అని గట్టిగా అడిగారు. మేనేజరు దండని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "హటానా కైసా, సర్! సిర్ఫ్ పెయింట్ కర్‌నా థా," అన్నారు. తీసెయ్యడమా, ఒక్క రంగు వేయిద్దామనుకున్నామంతే అని! ఆ దండ విధాయక్‌జీ మెడలో పడింది. సందర్శకుల పుస్తకం తెప్పించి ఆయన పెద్ద అక్షరాలతో రాశారు: "జలవాయు పరివర్తన్ కీ వ్యవస్థా ఉత్తమ్ హై. జారీ రహే." ఏర్పాటు ఉత్తమంగా ఉంది, కొనసాగాలి. ఏ అర్థంలో రాశారో ఆయనకే తెలియాలి. తర్వాత మేనేజరు వాళ్లని కంపెనీ కారెక్కించి డిమ్నా చెరువు దగ్గర గెస్ట్‌హౌస్‌కి పంపించారు. హోల్డాల్ కూడా వెళ్లింది. స్కూటర్ స్టాండ్ క్యాంటీన్ వెనక కట్టారు.

వాళ్లు వెళ్లాక నేను చెయ్యి లేని కుర్చీలో పడిపోయాను. "బాబాయ్, ఇవాళ నా కొంప మునిగేది."

"ఏటి మునిగీది? ఆళ్లు గాలికోసం వచ్చినారు, మనం గాలే సూపించినాం. తప్పేటుందమ్మా?" అని ఒక లడ్డూ నా చేతిలో పెట్టి పుస్తకం సర్దుకున్నారు.

ఆ తర్వాత పదేళ్లు ఆ మాట మీద ఒక కన్నేసి ఉంచాను. నాయకుల నోట్లో అది మెల్లమెల్లగా మారింది. మొదట మొక్కల గురించి మాట్లాడారు. తర్వాత పొగ గురించి. తర్వాత కార్బన్ అన్నారు. మా కార్ఖానా చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి, కార్బన్‌కి విదేశాల్లో గిరాకీ ఉందట, మీ దగ్గర ఎన్ని బస్తాలుంది, అని నన్ను అడిగాడు. వాళ్ల శ్రద్ధ ఏప్రిల్‌లో మొదలై వానలు పడగానే చల్లారిపోయేది, అదీ నిజమే. అయినా ఏటికేడు కొంచెం ఎక్కువ రోజులు నిలిచేది. జార్ఖండ్ వేరే రాష్ట్రమయ్యాక ఒక రోజు సాక్చీలో బ్యానరు చూశాను. దాని మీద జలవాయు పరివర్తన్ అని నా నిఘంటువు అర్థంలోనే రాసి ఉంది. రిక్షా ఆపించి, రోడ్డు మధ్యలో నిలబడి చదువుకుని మురిసిపోయాను. రిక్షావాడు నన్ను వింతగా చూశాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి ఊళ్లో ఆ విషయం మీదే పెద్ద సభ పెట్టారు. భూమి వేడెక్కడం మీద సభ కదా, హాలులో ఏసీ ఎంత పెట్టారంటే వేదిక మీదవాళ్లు శాలువాలు కప్పుకున్నారు. బాబాయ్ అప్పటికి రిటైరయ్యారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పర్సుడీహ్ నుంచి వచ్చి నా పక్కన కూచున్నారు. మన విధాయక్‌జీ అప్పటికి ఇంకా పెద్ద పదవిలో ఉన్నారు, జుట్టు నెరిసింది. ఆయన మైకు ముందుకి వచ్చి, ఈ మాట ఎవరికీ తెలియని రోజుల్లోనే నేను దీని కోసం నిలబడ్డాను, ఇదిగో రుజువు, అన్నారు. వెనక తెర మీద మా సందర్శకుల పుస్తకం పేజీ ఇంత పెద్దగా వెలిగింది. హాలంతా చప్పట్లు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏటమ్మా, ఏటంతన్నాడు?" అన్నారు బాబాయ్.

"ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనేనట."

బాబాయ్ తల ఊపారు. "మరి నిజమే కదేటి. పరుపుచుట్టతోటి ముందుగాల వచ్చినోడు ఆయనే."

తర్వాత బాబాయ్‌ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఒక్క ఖాళీ గడి లేకుండా ఆ పుస్తకాలు రాసిన మనిషి ఈయనేనని చెప్పినప్పుడు హాలంతా లేచి నిలబడింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. కిందికి వచ్చి, "బేగి కప్పినారు, సలికి సచ్చిపోతన్నాను," అన్నారు బాబాయ్. విధాయక్‌జీ మా వరస దాకా వచ్చి, నా వైపు వంగి గొంతు తగ్గించారు. "బహన్‌జీ, వో హోల్డాల్ వాలీ బాత్..."

"కౌన్ సా హోల్డాల్?" అన్నాను, ఏ హోల్డాలండీ అన్నట్టు.

ఆయన పగలబడి నవ్వారు. అత్తగారు ఇప్పటికీ లేవగానే కిటికీ తీసి దల్మా కోసం చూస్తారని, కనిపించకపోతే మొదటి చీవాట్లు తనకేనని చెప్పి వెళ్లారు.

ఆ సభ తర్వాత బాబాయ్ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని నిర్ణయించారు. పరిశోధన చేసే ఒక అమ్మాయిని పంపారు. కద్మా తెలుగు పిల్లే, నేను తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పేది. తెలుగు చదవడం రాదు. అందుకని చివరి గడి నేను చదివి చెబితే తను ఎక్కించేది. దల్మా కనబడింది, కనబడలేదు, కనబడింది, అలా నెలల తరబడి నడిచి, ఒక మధ్యాహ్నం ఆ సోమవారం పేజీ దగ్గరికి వచ్చాం. అంకెలు మామూలుగానే ఉన్నాయి. గాలి వేగం గడిలో సున్నా. చివరి గడిలో బాబాయ్ రెండు వాక్యాలు రాశారు.

"దల్మా కనబడింది. గాలి మారింది."

చదివి చెప్పాను. ఆ అమ్మాయి ఎక్కించబోయి ఆగింది. "ఆంటీ, హవా తో జీరో హై. ఫిర్ బద్‌లీ కైసే?" అసలు గాలే లేని రోజు గాలి ఎలా మారుతుందని. ఏదైనా పొరపాటేమో, కొట్టేద్దామా అంది.

"వద్దమ్మా," అన్నాను. "అలాగే ఎక్కించు."

అలాగే ఎక్కించింది. మీలో ఎవరైనా రేపు ఆ లెక్కలు తెరిచి, ఆ రోజు దగ్గర ఆగి, ఇదేమిటీ తప్పు అని దిద్దబోతారేమో. దయచేసి దిద్దకండి.